వలగుండ్లు, సీసము, మన పిల్లలు
(కేసముద్రమున వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



 విద్యను గూర్చియు, సహకార సంఘములను గూర్చియు, చెఱువుల హక్కులను గూర్చియు మీకు చెప్పగల పెద్దలు ఈ వేదికపై పలువురు గలరు. మేము మాత్రము మిక్కిలి చిన్న వస్తువును గూర్చి మనవిచేయ దలచినాము. అది విసురువల అంచున వ్రేలాడు సీసపు గుండు. దానిని ఇంటియొద్దనే కరగించి పోసికొనువారికి ఏయే అపాయములు గలవో, వానిని తప్పించుకొను మార్గమేదో, వీలైనచో సీసమునే విడిచిపెట్టుట ఎట్లో చెప్పుట మా ఉద్దేశము. ఇంత చిన్న సంగతికి మహాసభ యెందుకని కొందఱికి తోపవచ్చును. కడవరకు వినిన పిమ్మట మీరే నిర్ణయింపుడు.

మన యీ గ్రామనామమునందే సముద్రమున్నది. ఓరుగంటి సీమయందు చెఱువునకు సముద్రమని పేరిడుట కాకతీయుల నాటి ఆచారము. గణపతిదేవ చక్రవర్తి కాలమున, క్రీ. శ. 1213 ప్రాంతమున, పాకాల చెఱువు వెలసెను. ఆ చక్రవర్తి సోదరి మైలాంబ బయ్యారమున త్రవ్వించిన తటాకమునకు ధర్మకీర్తి సముద్రమని పేరు. 2016 సంవత్సరమున మహబూబాబాదు జిల్లా ఏర్పడిన పిమ్మట కేసముద్రమును బయ్యారమును ఈ క్రొత్త జిల్లాలోనివే యయినవి. రాజులు కట్టలు వేసిరి, రైతులు నీరు పాఱించుకొనిరి, ఆ నీటిలోని పంటను మాత్రము వల చేతబట్టినవారు తీసిరి. ముదిరాజులైన నేమి, గంగపుత్రులైన నేమి, బెస్తలైన నేమి, వల పట్టిన చేతికి తెలిసిన విద్య ఒక్కటియే.

ఆ విద్యలో సగము నూలులోను, సగము బరువులోను ఉన్నది. విసరిన వల గుండ్రముగా విచ్చుకొని, అంచు అన్నివైపుల ఒక్కమాఱుగా అడుగునకు దిగినగాని చేప లోపల నిలువదు. అంచున బరువు తక్కువైన వల నీటిమీద తేలియాడును. ఒకచోట బరువు ఎక్కువై మఱియొకచోట తక్కువైనచో వల వంకరగా దిగును, చేప ఆ సందున పోవును. కావున గుండు చిన్నదే యైనను వల పనితనమంతయు దానిపై నాధారపడి యున్నది. గాలమునకు కట్టు గుండు సంగతియు నిట్టిదే. గాలపు తలకే సీసము పోసి మెఱయు ఎరవలె చేసి నీటిలో ఆడించుటయు గలదు. దీనిని ఆంగ్లేయులు జిగ్గు అందురు. వలగుండు, గాలపు గుండు, జిగ్గు, ఈ మూడింటికిని పని యొకటియే, అపాయమును ఒకటియే.

సీసము మన దేశమునకు క్రొత్తది కాదు. శాతవాహనులు సీసముతో నాణెములు పోయించిరి. కోటిలింగాలయందును పెదబంకూరునందును అట్టి నాణెములు దొరకినవి. వినుకొండ సమీపమున అగ్నిగుండాల ప్రాంతమున సీసపు ఖనిజము త్రవ్వినారు. దీనిని పనివారు ఇంతగా మెచ్చుటకు హేతువు స్పష్టము. ఇది మెత్తనిది, గోరు గీతకు లోబడును. నీటికంటె 11 రెట్లకు మించిన బరువు గలది. 327 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే కరగును గనుక కొలిమి అక్కఱలేదు, వంటపొయ్యియే చాలును. వంటపొయ్యి చాలుటయే మనకు వచ్చిన ముప్పు. ఇనుమును ఇంటిలో ఎవ్వరును కరగింపలేరు. సీసమును మాత్రము ఎవ్వరైనను, ఎచ్చటనైనను, పసిపిల్లల యెదుట సయితము కరగింపగలరు. ఆయుర్వేద గ్రంథములలో సీసమునకు నాగమని పేరు గలదు. ఆ పేరు ఏ కారణమున వచ్చినను, ఇంటిలో పామునకు ఎంత ఎడముగా నుందుమో ఈ లోహమునకును అంత ఎడముగా నుండుట మేలు.

ఇక దీని గుణమేమో విచారింతము. శరీరమునకు ఇనుము కావలెను, సున్నము కావలెను, సీసము మాత్రము ఏ కొంచెమును అక్కఱలేదు. లోపల చేరిన సీసము రక్తముతో తిరిగి మెదడునకు, మూత్రపిండములకు, నరములకు చేరును. మిగిలినది ఎముకలలో స్థిరపడి ఇరువది ముప్పది యేండ్లు నిలిచియుండును. పెద్దలలో రక్తపుపోటు, కడుపునొప్పి, మలబద్ధము, కీళ్లనొప్పులు, నీరసము పుట్టించును. గర్భిణి యెముకలలో పూర్వము చేరియున్న సీసము ఆ నెలలలో కరగి రక్తములోనికి వచ్చి కడుపులోని బిడ్డను చేరును. అన్నిటికంటె ఘోరమైనది పసివారికి చేయు హాని. పెద్దవాని కడుపులో పడిన సీసములో ఎంత భాగము ఒంటబట్టునో, దానికి నాలుగైదు రెట్లు పిల్లవాని ఒంటబట్టును. అప్పుడే యెదుగుచున్న మెదడును అది చెఱచును. జ్ఞాపకశక్తి తగ్గును, మనస్సు ఒకచోట నిలువదు, కోపము పెరుగును, చదువు ఎక్కదు. ఈ నష్టము మరల తీరునది కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు సీసమునకు హానిలేని పరిమాణమన్నది ఏదియు తెలియవచ్చుట లేదని చెప్పుచున్నారు. ఒక డెసిలీటరు రక్తమున 5 మైక్రోగ్రాముల సీసమున్నను అది యెక్కడనుండి వచ్చుచున్నదో వెదకి ఆపవలెనని 2021 సంవత్సరమున విధించిరి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షల వంతు. అంతటి స్వల్పమునకే అంత జాగ్రత్త చెప్పుచుండగా, మన యింటిలో కిలోల కొలది కరగించుటను ఏమనవలెను? 2020 సంవత్సరమున ఐక్యరాజ్యసమితి బాలల నిధివారు ప్రకటించిన నివేదిక ప్రకారము, ప్రపంచమున ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తమున ఈ మితికి మించిన సీసము గలదు. అట్టివారి సంఖ్య 80 కోట్ల వరకు నుండునని అంచనా. అందు మన దేశపు పిల్లలే 27 కోట్లకు పైబడి యుందురు.

మహాశయులారా! మనము ప్రతి మహాసభయందును విద్యానిధికై చందాలు పోగుచేయుచున్నాము. వసతి గృహములు కావలెనని కోరుచున్నాము. మన పిల్లలు చదువులో వెనుకబడుచున్నారని విచారించుచున్నాము. బడిలో గురువు చెప్పినది తలకెక్కవలెనన్నచో ముందు ఆ తల నిర్మలముగా నుండవలెను గదా! ఒక చేతితో విద్యార్థి వేతనమిచ్చుచు, మఱియొక చేతితో వాని మెదడునకు విషము పెట్టుట ఏమి న్యాయము? చదువు రాకుండుటకు పేదరికము మొదలు పెక్కు హేతువులు గలవు, అన్నిటికిని సీసమే కారణమని మేము చెప్పము. కాని ఈ యొక్క హేతువు మాత్రము మన చేతిలో నున్నది. దీనిని తొలగించుటకు ఎవరి అనుగ్రహమును అక్కఱలేదు.

కొందఱు పెద్దలు ఇట్లందురు: “మా తాత జన్మమంతయు గుండ్లు పోసెను, ఎనుబదియేండ్లు జీవించెను, ఆయనకేమైనది?” ఇది వినదగిన ప్రశ్నయే. దీనికి మా ప్రత్యుత్తరమిది. సీసము పాముకాటువలె తక్షణమే పడవేయునది కాదు. కరగించిన పెద్దవాడు నిలిచియుండగా, ఆ ప్రక్కనే నేలమీద ప్రాకిన బిడ్డ చెడిపోవును. తాత ఎనుబదియేండ్లు జీవించెనని లెక్కించితిమి గాని, ఆ యింటి పసివారి రక్తమును ఎవ్వరైనను పరీక్షించిరా? ఇదియును గాక, పూర్వము సీసము అరుదుగా దొరకెడిది. నేడు చెడిపోయిన మోటారు బ్యాటరీలు వీధివీధిని ఉన్నవి. వానిని పగులగొట్టి తీసిన సీసము అన్నిటికంటె అపాయకరము. దానిలోని పలకలకు అంటియుండు ముద్ద, సీసపు భస్మముల మయము, ఎండిన తోడనే పొడియై గాలిలో లేచును. పైగా దానిలో ఘాటైన గంధకామ్లము గలదు.

దీనికి నిదర్శనము ఆఫ్రికా ఖండమున సెనెగల్ దేశమునందు గలదు. డకారు నగరపు శివారున సముద్రతీరమున థియారోయ్ సుర్ మేర్ అను పేట యున్నది. అచ్చట ప్రాత బ్యాటరీలను పగులగొట్టిన చోట నేలలో సీసము నిండియుండెను. ఆ మన్నును త్రవ్వి తెచ్చి, ఇండ్ల ముంగిళ్లలో జల్లించి సీసము ఏరి అమ్ముకొనిరి. 2007 సంవత్సరము చివరనుండి 2008 మార్చి లోపల ఆ పేటలో 18 మంది పిల్లలు మరణించిరి. మొదట కారణమే తెలియలేదు. పిమ్మట వారి తోబుట్టువులను, తల్లులను పరీక్షింపగా అందఱి రక్తమునను సీసము మిక్కుటముగా కనబడెను. ఆ తల్లులు కూడ నాలుగు కాసులు వచ్చునని, పిల్లల కడుపు నిండునని ఆ పని చేసినవారే. వారికి ముందుగా చెప్పినవారు లేరు. మనకట్లు కాకూడదనియే ఈ యుపన్యాసము.

సీసము లోపలికి పోవు ద్వారములు మూడు. మొదటిది ఊపిరి. వేడి మితిమీరినపుడు సీసము కంటికి కనబడని పొగయై లేచును. వాసన రాలేదు గనుక పొగ లేదనుకొనుట పొరపాటు. ముక్కునకు తువాలు కట్టుకొనిన ఆ పొగ ఆగదు. రెండవది ధూళి. కరగిన సీసముపై తెట్టువలె కట్టు బూడిదరంగు మడ్డి ఎండి పొడియై నేలమీద, బట్టలమీద, వంటసామానుమీద పడును. పసివాడు ఆ నేలను ప్రాకి ఆ చేతిని నోట పెట్టుకొనును. ఇంటి కోళ్లు ఆ మట్టిని పొడిచి తినును, వాని గ్రుడ్లలోనికిని సీసము చేరును. మూడవది చేయి. గుండ్లు పట్టుకొనిన చేతితోనే బీడీ కాల్చుట, తమలపాకు వేసికొనుట, అన్నము తినుట, వల అల్లుచు గుండును నోట పెట్టుకొనుట, పండ్లతో కొఱికి బిగించుట, ఇవన్నియు సీసమును స్వయముగా ఆరగించుటయే. సీసము కుళ్లదు, కాలి మాయము కాదు. ముంగిట పడినది తీయువరకు ముంగిటనే యుండును.

ఇక చేయదగిన కార్యమును మనవి చేసెదము. ఇందు మూడు మెట్లు గలవు. మొదటిదే ఉత్తమము.

మొదటి మెట్టు సీసమును విడిచి ఇనుపగొలుసును వాడుట. విసురువలల అంచునకు గుండ్లకు బదులు సన్నని ఇనుపగొలుసు కట్టుట ఇదివరకే మన దేశమున గలదు. “ఇనుము తేలిక, వల త్వరగా దిగదు” అని ఆక్షేపణ. దీనిని లెక్కవేసి చూతము. నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువును కోల్పోవునని బడిపిల్లలు చదువుకొను సూత్రము. ఒక వలకు 4 కిలోల సీసమున్నదనుకొందము. నీటిలో దాని బరువు రమారమి 3 కిలోల 650 గ్రాములు. అంతే బరువు నీటిలో కలుగుటకు ఇనుము ఎంత కావలెను? 4 కిలోల 180 గ్రాములు. అనగా వలకంతటికి 180 గ్రాములు, పావుకిలోయైనను లేదు, హెచ్చుగా కట్టిన చాలును. ఇనుము కొంచెము లావుగా నుండుటచేత నీటి అడ్డు ఒకింత హెచ్చును, ఆ తేడా అలవాటున సరిపోవును. గొలుసు బరువు అంచంతట సమముగా నుండును గనుక వల వంకరగా దిగదు. ఇనుమునకు త్రుప్పు గలదన్నది నిజమే. వాడిన పిదప వలను నీడను ఆఱబెట్టి, గొలుసునకు అప్పుడప్పుడు నూనె రాచిన చాలును, జస్తుపూత గల గొలుసైనచో ఇంకను మన్నును.

కాల్చిన మట్టిగుండ్లును గలవు. సింధునాగరికత నాటి ఊళ్లలో సయితము వలకు కట్టిన మట్టిగుండ్లు దొరకినవి. మన కుమ్మరి సోదరులు ఆవములో కాల్చి యీయగలరు. కాని మట్టి నీటిలో తన బరువులో సగము వఱకు కోల్పోవును గనుక, 4 కిలోల సీసమునకు బదులు 7 కిలోలకు మించి కావలెను. విసరు చేతికి అది భారము. నీటిలో కదలక నిలిపియుంచు వలలకును గాలములకును మాత్రము మట్టిగుండ్లు, రాతిగుండ్లు చక్కగా పనికివచ్చును.

రెండవ మెట్టు, సీసము తప్పదనువారు దానిని కరగింపకుండుట. పోసి సిద్ధము చేసిన గుండ్లనో, పలుచని సీసపు రేకునో కొని, కత్తెరతో కోసి త్రాటిచుట్టు మడచి పటకారుతో నొక్కవచ్చును. అప్పుడు పొగ యుండదు, ధూళియు స్వల్పము. అయినను పండ్లతో కొఱుకరాదు, ఆకురాతితో రాయరాదు, కోసిన తునుకలు నేలమీద విడువరాదు. పని ముగిసిన పిమ్మట సబ్బుతో గోళ్ల సందులు వదలక చేతులు కడుగుకొనవలెను. గుండ్లను మూతగల డబ్బాలో పిల్లలకు అందనిచోట ఉంచవలెను. సీసపు గుండు చిన్నది గనుక పసివాడు మ్రింగగలడు. మ్రింగినట్లు తెలిసినచో జాగుసేయక వైద్యశాలకు తీసికొనిపోవలెను.

మూడవ మెట్టు, కరగింపక తీరదనువారికి. ఇది మేము ప్రోత్సహించునది కాదు. కాని చేయువారు చేయుచునే యున్నారు గనుక, చేయునదేదో తెలిసి చేయుట మేలు.

స్థలము మొదటి విధి. ఇంటిలోను, వంటశాలలోను, వసారాలోను, ముంగిటను కరగింపరాదు. ఇండ్లకు, బావికి, పశువుల కొట్టమునకు, చెఱువు గట్టునకు దూరముగా, పైకప్పు ఉన్నను నలువైపుల గాలియాడు చోటు కావలెను. గాలి మన వీపువైపునుండి వీచునట్లు నిలువవలెను. వాన తుంపర పడుచున్నపుడు పని మానవలెను. పిల్లలును గర్భిణులును పాలిచ్చు తల్లులును ఆ చుట్టుప్రక్కల నుండరాదు. చూచుటకును రానీయరాదు, ఈ విధికి మినహాయింపు లేదు.

లోహము రెండవ విధి. ప్రాత బ్యాటరీని ఎన్నడును పగులగొట్టరాదు. చెడిపోయిన బ్యాటరీలు నమోదు పొందిన శుద్ధి కర్మాగారములకే పోవలెనని 2001 సంవత్సరమునుండి మన దేశమున నిబంధనలు గలవు, 2022 సంవత్సరమున వానిని విస్తరించి క్రొత్తవి చేసిరి. రంగు పూసిన సీసము, నూనె యంటిన సీసము, ఏమియో తెలియని తుక్కు, ఇవియు పనికిరావు.

పాత్ర మూడవ విధి. దళసరి ఇనుపపాత్రయే కావలెను, ఇనుప గరిటెయే కావలెను. అల్యూమినియపు గిన్నె వేడికి మెత్తబడి అడుగు ఊడిపోవును, దానిని తాకరాదు. సీసము కరగించిన పాత్రలో మరల ఏనాడును వంట చేయరాదు, పశువులకు కుడితి పెట్టరాదు. దానికి ఒక గుర్తు పెట్టి ఇంటికి వెలుపల ఉంచవలెను.

తడి నాలుగవ విధి, ప్రాణాపాయమంతయు ఇందే గలదు. నీటిబొట్టు కరగిన సీసము క్రింద చిక్కినచో తత్క్షణమే ఆవిరియై 1,600 రెట్లు పెరుగును. ఆ పెరుగుదల సీసమును తుపాకి గుండ్లవలె ముఖముమీదికి చిమ్మును. కావున అచ్చు, గరిటె, సీసపు ముక్కలు అన్నియు ముందుగా వేడిచేసి తడి లేకుండ చేయవలెను. పచ్చిమట్టి అచ్చులో పోయరాదు. ఏటి గులకరాతిలో తొలిచిన అచ్చును వాడరాదు, దాని లోపలి తేమ రాతిని పగులగొట్టును. కరగిన సీసములోనికి క్రొత్త ముక్కను విసరరాదు. చెమట కారు నుదుటిని ఆ పాత్రమీదికి వంచరాదు.

వేడి ఐదవ విధి. సీసము కరగి జారిన చాలును, అంతకు మించి మంట వేయరాదు. 500 డిగ్రీలు దాటినకొలది పొగ హెచ్చును. మనకు ఉష్ణమాపకము లేకున్నను ఒక గుర్తు గలదు. నీడలో చూచినపుడు ఇనుపపాత్ర అడుగు ఎఱ్ఱబాఱ నారంభించినచో వేడి ఆ మితిని దాటిపోయినదని తెలిసికొని వెంటనే మంట తీయవలెను. తెట్టును ఊరక కలచరాదు. మెల్లగా గరిటెతో ప్రక్కకు తీసి మూతగల ఇనుపడబ్బాలో వేయవలెను. ఆ మడ్డిని చెఱువులోగాని, పెంటకుప్పలోగాని, చేనిలోగాని పాఱవేయరాదు. సీసము కొను అధీకృత శుద్ధివారికే యీయవలెను.

శరీర రక్షణ ఆఱవ విధి. కండ్లకు అద్దములు, చేతులకు దళసరి తోలు తొడుగులు, కాళ్లకు మూసిన జోళ్లు, ఒంటికి నిండు చేతుల నూలుబట్ట ఉండవలెను. ముక్కునకు లోహపు పొగను ఆపు వడపోతగల ముసుగు కావలెను. పని యగువఱకు బీడీ లేదు, ఆకు లేదు, నీళ్లు త్రాగుట లేదు. పిదప ఆ బట్టలను అచ్చటనే విప్పి, స్నానముచేసి, వేఱు బట్టలు కట్టుకొని ఇల్లు చేరవలెను. పని బట్టలను ఇంటివారి బట్టలతో కలిపి ఉతుకరాదు. ఆ స్థలమును పొడి చీపురుతో ఊడ్వరాదు, తడిగుడ్డతో తుడిచి తీయవలెను.

ఇన్ని చేసినను సీసము ఒంటిమీద పడినచో, చల్లని పాఱునీటిలో ఆ భాగమును 20 నిమిషములు ఉంచవలెను. అంటుకొన్న లోహమును పెఱుకరాదు. సున్నము, సిరా, పేడ, పండ్లపొడి పూయరాదు. వైద్యుని యొద్దకు పోవలెను.

ఇదివఱకే ఇంటిలో కరగించినవారు భయపడి దాచుకొనక పరీక్ష చేయించుకొనవలెను. చూపునకు పిల్లవాడు ఆరోగ్యవంతుడుగనే కనబడును, నరమునుండి తీసిన రక్తమును పరీక్షించినగాని తెలియదు. ఈ పరీక్ష పెద్ద పట్టణముల ప్రయోగశాలలలో జరుగుచున్నది. “మా యింటిలో సీసము కరగించెడివారము” అని వైద్యునితో స్పష్టముగా చెప్పవలెను. చెప్పనిదే ఆయనకు ఆ తలంపు రాకపోవచ్చును. చింతపండు పులుసు, బెల్లము, పాలు త్రాగిన విషము విఱుగునన్న మాట నమ్మదగదు. మొదటి చికిత్స సీసమును దూరము చేయుట. రక్తములో మిక్కుటముగా నున్నచో దానిని వెలికి తీయు మందులు గలవు, అవి వైద్యుడే యీయవలెను. ఆహారమును కొంత తోడ్పడును. ఇనుము, సున్నము తక్కువైన ఒంటికి సీసము ఎక్కువగా పట్టును. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయందు తెలంగాణలో ఐదేండ్లలోపు పిల్లలలో పదింట ఏడుగురు రక్తహీనులని తేలినది. కావున పిల్లలకు ఆకుకూరలు, రాగులు, పాలు పెట్టుడు. మన వలలో పడిన చిఱుచేపలను ముల్లుతోసహా మెత్తగా వండి పెట్టుడు. పెద్ద చేపను అమ్ముకొని చిన్న చేపను ఇంటికి తెచ్చుట మనకు లోపమని తలపరాదు, సున్నము ఆ ముల్లులోనే యున్నది.

ఒక మాట చెఱువును గూర్చి. తెగిపడిన సీసపు గుండ్లు చెఱువు అడుగుననే యుండును. బాతులు, నీటిపక్షులు గింజలను అరగించుకొనుటకై చిన్న రాళ్లను మ్రింగును. రాయి యనుకొని సీసపు గుండును మ్రింగిన పక్షి మరణించును. ఇంగ్లండు దేశమున హంసలు ఇట్లు చచ్చుట చూచి, 1987 సంవత్సరము మొదలు చిన్న సీసపు గాలపు గుండ్ల అమ్మకమును నిషేధించిరి. డెన్మార్కు దేశమువారును 2002 సంవత్సరమున నిషేధించిరి. ఆ దేశములలో చేపలు పట్టుట ఆగలేదు, గుండ్లు మాత్రము మాఱినవి. ఒకప్పుడు పెట్రోలులో సీసము లేనిదే బండి నడువదనిరి. మన దేశమున 2000 సంవత్సరమున దానిని మానిరి, 2021 నాటికి లోకమంతటను మోటారు బండ్లకు అది ఆగిపోయెను. బండ్లు నడుచుచునే యున్నవి.

కడపట ఈ మహాసభకు నాలుగు కోరికలు విన్నవించుచున్నాము. ఇంటిలోను ముంగిటను సీసము కరగింపరాదని ఈ సభ యొక తీర్మానము చేయవలెను. దానిని ప్రతి గ్రామ శాఖయందును చదివి వినిపింపవలెను. పోషకులు, ధనవంతులు సన్మానములకును శాలువలకును వెచ్చించు ద్రవ్యములో కొంత భాగమును ఇనుపగొలుసుల కొఱకీయవలెను. పేద జాలరికి ఒక వలగొలుసు దానము చేయుట వాని బిడ్డకు విద్యాదానము చేయుటతో సమానము. సీసము విడువలేని గ్రామములలో సహకార సంఘమువారు ఊరికి దూరముగా ఒక్క పాకయు, ఒక్క జత పనిముట్లును ఏర్పఱచి, తెలిసిన పెద్దవానిచేతనే అందఱి గుండ్లు పోయింపవలెను. పది యిండ్లలో పది పొయ్యిలకంటె ఊరి వెలుపల ఒక్క పొయ్యి మేలు. నాలుగవది, గుండ్లు పోయు కుటుంబముల పిల్లలకు రక్తపరీక్ష జరుపుమని జిల్లా వైద్యాధికారులను సంఘము పక్షమున అర్థింపవలెను.

ఇందు ఏదియు మన శక్తికి మించినది కాదు. వృత్తిని మానుమని మేము చెప్పలేదు. వల మనది, చెఱువు మనది, విసరు నేర్పు మనది. ఆ వల అంచున బరువుగా నుండవలసినది ఇంటిలోని పసివాని బుద్ధిపై బరువు కాకూడదన్నదే మా ప్రార్థన. ఈ సంగతిని నేటి రాత్రియే మీమీ యిండ్లలో స్త్రీలకు చెప్పుడని వేడుకొనుచు విరమించుచున్నాము. పొయ్యి వారి యధీనమున నున్నది, బిడ్డయు వారి ఒడిలోనే యున్నది.